రాత్రిపూట బాప్తిస్మం వద్దు తల్లీ

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నాకు 26 ఏళ్ళు. 2025 మెగా డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచరుగా ఎంపికయ్యాను. ఎస్సీ కోటాలో వచ్చిన ఉద్యోగం. బడి రికార్డుల్లో నా పేరు పక్కన ‘హిందూ-మాల’ అని ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆదివారం గుడికి వెళ్తున్నాను. నాన్న బాప్తిస్మం తీసుకున్నారు, అమ్మ తీసుకోలేదు, నేనూ ఇంకా తీసుకోలేదు. ఇప్పుడు మా సంఘంలోనే సంబంధం కుదిరింది. అబ్బాయి వాళ్ళు మూడు తరాలుగా క్రైస్తవులు, ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారికి ఇచ్చే బీసీ-సీ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు. పెళ్ళికి ముందు బాప్తిస్మం తప్పనిసరి అన్నారు మా పాస్టర్ గారు. నా ఉద్యోగం సంగతి చెబితే, ‘భయపడకమ్మా, రాత్రిపూట కాలువలో ఇచ్చేస్తాను, సంఘం రిజిస్టరులో రాయను, విడిగా రాసుకుంటాను, అందరూ చేస్తున్నదే’ అన్నారు. మా పెదనాన్న కొడుకు అసలు ఏ బాప్తిస్మమూ వద్దంటున్నాడు. ఎవరైనా కలెక్టరుకు అర్జీ పెడితే ఉద్యోగం పోతుందని భయపెడుతున్నాడు. కౌలు సేద్యంలో నాన్న చేసిన అప్పు నా జీతం మీదే తీరాలి. బాప్తిస్మం తీసుకోకపోతే నాకు రక్షణ లేదా? తీసుకుని దాస్తే పాపమా? ఇన్నాళ్ళూ నేను అబద్ధంలో బతికానా? మీ కూతురులాంటిదాన్ని, దాచకుండా చెప్పండి.

(పేరు ప్రచురించవద్దు, పల్నాడు జిల్లా)

జవాబు:

తల్లీ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఒకప్పుడు మా ఇంటి బీరువాలో ఉన్న ఒక పుస్తకం గుర్తొచ్చి కలం ఆగిపోయింది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు నీ మొదటి ప్రశ్న.

బాప్తిస్మం తీసుకోనంత మాత్రాన నీకు రక్షణ లేకుండా పోదు. సిలువ మీద యేసు పక్కన వేలాడిన దొంగకు ఎవరూ ఏ నీళ్ళలోనూ బాప్తిస్మం ఇవ్వలేదు. అయినా ఆ సాయంత్రానికి పరదైసులో చోటు దొరికింది. అలాగని బాప్తిస్మం చిన్న విషయమని నేననను. ముప్పై ఏళ్ళుగా నడుము లోతు నీళ్ళలో నిలబడి ఇస్తున్నవాణ్ణి. పాత బతుకును ఈ నీళ్ళలో పాతిపెట్టాను, ఇక నేను ఆయన మనిషిని అని పదిమంది ముందు ఒప్పుకోవడమే బాప్తిస్మం. ఆ పదిమందిని తీసేస్తే మిగిలేది కాలువ నీళ్ళే.

అందుకే మీ పాస్టర్ గారి ఏర్పాటు నాకు సమ్మతం కాదు. ఆయన చెడ్డవారని కాదు. నీ మీద జాలితోనే అన్నారని నాకు తెలుసు. ఎందుకంటే నేనూ చాలామందితో అదే మాట అన్నాను.

ఇప్పుడు ఆ పుస్తకం సంగతి. కిరాణా కొట్లో పద్దులు రాసుకునే పొడుగాటి పుస్తకం, ఎర్ర అట్ట. సంఘం అసలు రిజిస్టరు మందిరంలో బల్ల సొరుగులో ఉండేది. ఈ రెండో పుస్తకం మా ఇంట్లో, బీరువా అడుగు అరలో, మా ఆవిడ పెళ్ళి చీర కింద ఉండేది. పదకొండేళ్ళలో అందులో 43 పేర్లు చేరాయి. అందరూ నీలాంటివాళ్ళే. కానిస్టేబులు, అంగన్‌వాడీ టీచరు, ఆర్టీసీ కండక్టరు, బ్యాంకు గుమాస్తా, హాస్టలు వార్డెను. ఒక్కొక్కరి ఇంట్లో తీరని అప్పు, పెళ్ళి కావలసిన చెల్లెలు, మంచాన పడ్డ తండ్రి. వాళ్ళకు మేలు చేస్తున్నానని మనసారా నమ్మాను.

అందులో ఒక అబ్బాయి గురించి చెబుతాను. బ్యాంకు పరీక్ష పాసై ఇంటర్వ్యూకు ఎదురుచూస్తున్న రోజుల్లో వచ్చాడు. వేసవి రాత్రి పదిన్నరకు పంట కాలువ దగ్గరకు వెళ్ళాం. కట్ట మీద బైకు లైటు ఆర్పేశాం. అతనూ, తువ్వాలు పట్టుకున్న వాళ్ళమ్మా, నేనూ, అంతే. బాప్తిస్మం అంటే పాట ఉండాలి కదా, ఊళ్ళోకి వినిపిస్తుందని పాడలేదు. ఆ తల్లి పెదవులు మాత్రం కదులుతున్నాయి, గొంతు పైకి రాలేదు. అతన్ని నీళ్ళలో ముంచి లేపాను. లేచినవాళ్ళు ముందు నా మొహం చూస్తారు, లేదా పైకి చూస్తారు. కొందరు ఏడుస్తారు. ఆ అబ్బాయి కట్ట మీది రోడ్డు వైపు చూశాడు, ఎవరైనా వస్తున్నారేమోనని.

ఉద్యోగం వచ్చింది. ఆరు నెలలకు గుడికి రావడం మానేశాడు. మొదట పని ఒత్తిడి అనుకున్నాను. వాళ్ళమ్మను అడిగితే తల వంచుకుంది. గుడి గుమ్మం దగ్గర ఎవరైనా ఫొటో తీస్తే, అది బ్యాంకుకు చేరితే అని అతని భయం. కొన్నేళ్ళకు ఆ తల్లి చనిపోయింది. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. సమాధుల తోటలో నేను ప్రార్థన చేస్తున్నాను. బంధువుల కుర్రాడెవరో ఫోనులో వీడియో తీస్తున్నాడు. రోడ్డుకు అవతల చింతచెట్టు కింద ఒక మనిషి హెల్మెట్ పెట్టుకుని, అద్దం కిందికి దించుకుని నిలబడ్డాడు. చొక్కాను బట్టి గుర్తుపట్టాను. పెట్టెను గోతిలోకి దించాక మనవాళ్ళందరూ పిడికెడు మట్టి వేస్తారు. కన్నకొడుకు వేయలేదు. గంటన్నర సేపు ఆ ఎండలో హెల్మెట్ తీయకుండా నిలబడి వెళ్ళిపోయాడు.

చట్టం అతన్ని ఏమీ చేయలేదు తల్లీ. ఎవరూ అర్జీ పెట్టలేదు, ఉద్యోగం పోలేదు, ప్రమోషను కూడా వచ్చింది. అతని చేత తల్లి సమాధి మీద మట్టి వేయనివ్వనిది నేను రాసిపెట్టుకున్న రహస్యం. నీకూ అదే ఇస్తానంటున్నారు మీ పాస్టర్ గారు. వద్దు.

ఇక మీ అన్నయ్య మాట. బాప్తిస్మం తీసుకోకపోతే ఏ బాధా లేదని అతను అనుకుంటున్నాడు. అదీ పూర్తిగా నిజం కాదు. నేను వకీలును కాను కానీ, ఈ విషయం నా సంఘంలో ప్రతి రెండో ఇంటిది కనుక తెలుసుకోక తప్పలేదు.

1950లో రాష్ట్రపతి జారీ చేసిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా ఒకటి ఉంది. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారిని షెడ్యూల్డ్ కులస్థులుగా లెక్కించరాదన్నది దాని సారం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని సడలించారు. క్రైస్తవులూ ముస్లిములూ బయటే ఉండిపోయారు. షెడ్యూల్డ్ తెగలకు ఈ మతం షరతే లేదు. మన్యంలో ఒక కోయ కుటుంబం బాప్తిస్మం తీసుకున్నా ఎస్టీలుగానే ఉంటుంది. నీకు మాత్రం అలా కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారినీ వారి సంతానాన్నీ బీసీ-సీలో పెట్టారు. అక్కడ వాటా ఒక్క శాతం. ఎస్సీలకు 15 శాతం. నీకు కాబోయే అత్తవారింట్లో మూడు తరాలు ఈ ఒక్క శాతంలోనే పోటీ పడ్డారు.

2024 నవంబర్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నువ్వు తెలుసుకోవాలి. పుదుచ్చేరికి చెందిన ఒకామె గుమాస్తా ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగింది, తాను హిందువునేనంది. పసితనంలో ఆమెకు బాప్తిస్మం ఇచ్చిన సంగతి, తల్లిదండ్రుల వివాహం క్రైస్తవ వివాహ చట్టం కింద నమోదైన సంగతి, ఆమె క్రమంగా చర్చికి వెళ్తున్న సంగతి కోర్టు చూసింది. విశ్వాసం ఒకటి పెట్టుకుని కేవలం రిజర్వేషన్ కోసం మరో మతం చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. గమనించావా? బాప్తిస్మం ఒక్కటే చూడలేదు. నడవడిక చూశారు, గుడికి వెళ్ళడం చూశారు, అమ్మానాన్నల పెళ్ళి కాగితం చూశారు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మరో మాట చెప్పింది. క్రైస్తవంలోకి మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని తేల్చింది. కుల ధ్రువీకరణ పత్రాల మీద 1993 నాటి రాష్ట్ర చట్టం ఉంది. తప్పుగా పొందిన సర్టిఫికెట్‌ను జిల్లా కలెక్టరు విచారించి రద్దు చేయవచ్చు. కాబట్టి బాప్తిస్మం తీసుకోకుండా ప్రతి ఆదివారం గుడికి వెళ్తే క్షేమమే అని ఎవరైనా చెబితే నమ్మకు. మీ నాన్నగారి బాప్తిస్మం నువ్వు పుట్టకముందా తర్వాతా, మీ అమ్మానాన్నల పెళ్ళి ఎక్కడ ఎలా జరిగింది, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఆ కాగితాలన్నీ పట్టుకుని ఈ కేసులు తెలిసిన వకీలు దగ్గర ఒక పూట కూర్చో. బజారులో మాట వినవద్దు, నా మాట కూడా ఆఖరి మాటగా తీసుకోవద్దు.

ఈ చట్టం న్యాయమైనదా అని అడిగితే, కాదంటాను. మందిరంలో అన్నాను, అధికారుల ముందు అన్నాను, ఇక్కడా అంటాను. నీళ్ళలో మునిగి లేచినంత మాత్రాన ఊరు నిన్ను వేరే కంటితో చూడదు. పల్లె అదే, ఇల్లు అదే, కూలి అదే, హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు అదే. 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరాను తీసేయమని సిఫారసు చేసింది. 2004లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన పిటిషను రెండు దశాబ్దాలు నానింది. 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసి రెండేళ్ళ గడువు ఇచ్చారు, తర్వాత పొడిగించారు. 2023 మార్చిలో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఇంతమంది ఇన్నేళ్ళుగా అడుగుతున్నా పేరా కదలలేదు. ఉన్న 15 శాతంలోకే మళ్ళీ మనుషులను చేరిస్తే మా వాటా ఏమవుతుందని మన హిందూ దళిత సోదరులు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. వాటా పెంచకుండా చేర్చమని నేను అడగను. పేదవాడి కంచంలోది తీసి ఇంకో పేదవాడికి పెట్టడం ప్రభువుకు ఇష్టమైన పని కాదు.

కానీ ఈ వాదనలో మన సొంత పాపం ఒకటి దాగి ఉంది. అది చెప్పకుండా ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టలేను. కమిషన్ మన ముందు పెట్టే ప్రశ్న ఏమిటి? క్రైస్తవులయ్యాక కూడా మీ మీద కులం బరువు ఉందా అని. ఉందని సాక్ష్యం చెప్పాలి. చెప్పాలంటే మన గుళ్ళే చూపించాలి. యూదుడని లేదు, గ్రీసు దేశస్థుడని లేదు, దాసుడని లేదు అని పౌలు గలతీయులకు రాసిన మాట మీద నేనే ఎన్ని ప్రసంగాలు చేశానో. మా పక్క ఊళ్ళో రెండు వందల గజాల దూరంలో రెండు గుళ్ళున్నాయి. ఒకే మిషను కట్టించింది, పాటల పుస్తకం కూడా ఒకటే. ఒకటి మాలపల్లెలో, ఒకటి మాదిగపల్లెలో. క్రిస్మస్ నాడు కూడా ఇక్కడి కేకు ముక్క అక్కడికి వెళ్ళదు. రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు ఎక్కువగా ఉన్న సంఘాల్లో దళిత గురువును నియమిస్తే రగడ జరుగుతుంది. క్రైస్తవ వివాహ వేదికల ప్రకటనల్లో ‘బాప్తిస్మం పొందిన, మారుమనసు గల’ అన్న మాట తర్వాత వెంటనే కులం పేరు ఉంటుంది. ఢిల్లీలో మనకు న్యాయం జరగాలంటే మనం చూపించవలసిన రుజువు మన ఇళ్ళలోనే, మన సమాధుల తోటల్లోనే ఉంది. ఇది తలచుకున్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతాను.

నీ మూడో ప్రశ్నకు వస్తాను. ఇన్నాళ్ళూ అబద్ధంలో బతికావా? లేదు. ఐదేళ్ళ పిల్లను బడిలో చేర్చినప్పుడు హెడ్మాస్టరు రాసుకున్న మాటకు నువ్వు బాధ్యురాలివి కావు. మీ అమ్మానాన్నలను కూడా అబద్ధీకులని ఎవరినీ అననివ్వకు. బిడ్డ చదువుకుని కూలి పని తప్పించుకోవాలని, ఒకే ఒక్క తలుపు తెరిచి ఉంటే ఆ తలుపులోంచి పంపారు. నేను వాళ్ళ స్థానంలో లేను.

అయితే నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. 1986లో టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకుంటూ నాన్నతో మండలాఫీసుకు వెళ్ళాను. నాన్నకు సంతకం రాదు. గుమాస్తా మంచివాడే. మతం అడిగాడు, క్రైస్తవులమండీ అన్నాడు నాన్న. ఆయన కలం ఆపి, ‘హిందూ అని రాస్తే పిల్లవాడికి సీటొస్తుందయ్యా, నీకేం పోయింది?’ అన్నాడు. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘రాసేది మీరేగానీ అయ్యా, వేలిముద్ర నాది కదా’ అన్నాడు. బీసీ-సీ అని రాయించుకుని, బొటనవేలు సిరాలో అద్ది ముద్ర వేసి, ఆ సిరా తలకు తుడుచుకుని బయటికి వచ్చాడు. నాకు సీటు రాలేదు. నాకంటే తక్కువ మార్కులు వచ్చిన మా చిన్నాన్న కొడుకుకు వచ్చింది. వాళ్ళింట్లో హిందూ అని రాయించారు. రెండేళ్ళు నాన్నతో సరిగా మాట్లాడలేదు నేను. ఆయన నిలబెట్టుకున్న మాటకు ధర కట్టింది నేను కదా అని కోపం. ఆ కోపం తగ్గడానికి చాలా కాలం పట్టింది. ఈనాడు నాన్న చేసింది సరైనదే అంటాను. కానీ ఆ మాట అనడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టిందని కూడా నీకు చెప్పాలి. అందుకే నీ ఉద్యోగం వదిలెయ్యమని ఈ కాగితం మీద రాయలేను. ఆ ధర ఎంతో నాకు తెలుసు. కట్టవలసింది నేను కాదు.

ఒక్కటి మాత్రం నీతో నిజంగా మాట్లాడాలి. ఐదేళ్ళప్పుడు సంతకం నీది కాదు. ఇప్పుడు నీదే. క్రీస్తే నా ప్రభువని నువ్వు నలుగురిలో చెప్పుకుంటున్న మనిషివైతే, ఆ కాగితం నీతో సరిపోలడం లేదు. బాప్తిస్మం తీసుకున్నా తీసుకోకపోయినా సరిపోలడం లేదు. అలా కాక, చిన్నప్పటి నుంచి అలవాటుగా గుడికి వెళ్తున్నాను, ప్రేమ ఉంది గానీ ఇంకా నిర్ణయించుకోలేదు అన్నది నీ పరిస్థితి అయితే, అదీ తప్పేమీ కాదు, ఆ మాటే చెప్పు. ఈ రెంటిలో నీది ఏది? అది పెళ్ళి తేదీని బట్టి తేల్చుకునే విషయం కాదు. మీ పాస్టర్ గారు కూడా నిన్ను తొందరపెట్టకూడదు.

తొందరపెట్టకపోవడం మన ప్రాంతంలో కొత్త సంగతి కాదు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమంది మాదిగలు, ఇతర పేదలు అక్కడ తట్టలు మోసి ప్రాణాలు నిలబెట్టుకున్నారు. పని జరుగుతున్నంత కాలం బాప్తిస్మం ఇమ్మని ఎందరు అడిగినా ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఏడాదికి పైగా ఆపాడు. కరువు తీరాక, ఇక ఇచ్చేదేమీ లేదు, మీ ఊళ్ళకు వెళ్ళిపోండి అన్నా జనం వెళ్ళలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క పగటిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్ళలో నిలబడ్డారు. అందరూ చూస్తుండగా, పట్టపగలు. నువ్వు ఆగితే దేవుడికి కోపం వస్తుందని ఎవరైనా అంటే, మన పూర్వీకులను ఏడాదికి పైగా ఆపిన ఈ సంగతి చెప్పు.

రెండో రాజుల గ్రంథంలో సిరియా సేనాపతి నయమాను కథ నీకు తెలిసే ఉంటుంది. ఆదివారపు బడిలో కుష్ఠు నయమవడం దగ్గర ఆపేస్తాం. ఆ తర్వాత జరిగింది చదువు. స్వస్థుడైన నయమాను ఇక యెహోవాను తప్ప ఎవరినీ కొలవనంటాడు. వెంటనే తన ఇబ్బంది చెప్పుకుంటాడు. మా రాజు రిమ్మోను గుడికి వెళ్ళి నా చేతిమీద ఆనుకుని మొక్కుతాడు, నేనూ వంగవలసి వస్తుంది, ఆ ఒక్క విషయంలో నన్ను క్షమించాలి అని అడుగుతాడు. అతనిదీ సర్కారు కొలువే. ప్రవక్త ఎలీషా ఏమన్నాడు? వంగమనలేదు, వంగవద్దనలేదు. నెమ్మదిగా వెళ్ళు అన్నాడు. చాలా ఏళ్ళు ఈ వాక్యం నా రెండో పుస్తకానికి ఆసరా అనుకున్నాను. హెల్మెట్ అబ్బాయిని చూశాక మళ్ళీ చదివితే వేరేది కనిపించింది. నయమాను ఏదీ దాచలేదు. తన రథాలు, పరివారం అంతా నిలబడి ఉండగా ప్రవక్త ముందు బాహాటంగా చెప్పుకున్నాడు. ఎలీషా అతని బలహీనతను రహస్యంగా రాసిపెట్టుకోలేదు. నీకు కావలసింది అలాంటి కాపరి. నీ కష్టం విని, నీ మీద తీర్పు తీర్చకుండా, నీ చేత దొంగతనం చేయించకుండా పక్కన నిలబడేవాడు.

పెళ్ళి గురించి కొంత సూటిగా చెబుతాను. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వధూవరుల్లో ఒకరు క్రైస్తవులైనా పెళ్ళి జరిపించవచ్చు. ఇద్దరికీ బాప్తిస్మం ఉండాలన్నది సంఘాల నియమం, చట్టం కాదు. మీ పాస్టర్ గారు ఒప్పుకోకపోతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. రిజిస్ట్రారుకు ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అక్కడ ఎవరూ మతం మారనక్కరలేదు. రిజిస్ట్రారు ముందు సంతకాలయ్యాక పెద్దలను పిలిచి ప్రార్థన చేయించుకోవచ్చు, నేనే ఎన్నో చేశాను. అయితే దాచడానికి ఒక దారి దొరికిందని ఈ చట్టాన్ని పట్టుకోకు. నువ్వు ఇంకా నిర్ణయించుకోలేదన్నది నిజమైతేనే అది నీకు తగిన దారి. క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకుంటే ఆ కాగితం కూడా రేపు విచారణలో ఎదురుగా వస్తుందని తెలిసి చేసుకో.

అంతకంటే ముందు ఆ అబ్బాయితో మాట్లాడు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదని, నీ మనసు ఎక్కడ ఉందో అని అన్నీ చెప్పు. వాళ్ళ తాతగారు బతికి ఉంటే ఒక సాయంత్రం ఆయన దగ్గర కూర్చుని, బీసీ-సీ అని రాయించుకున్న రోజు గురించి అడుగు. ఆ ఇంట్లో ఎన్ని సీట్లు పోయాయో, ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారో విను. వాళ్ళు పోగొట్టుకున్నదేమిటో తెలిస్తే, నువ్వు పోగొట్టుకోబోయేదాన్ని ఇద్దరూ కలిసి తూచగలరు. మీ నాన్నగారి అప్పు ఎంతో కాగితం మీద రాసుకోండి. భయంగా చూస్తే కొండంత కనిపించే అప్పు, అంకె వేసి చూస్తే ఏడేళ్ళదో పదేళ్ళదో తేలుతుంది.

ఇంకో మాట మీ సంఘ పెద్దలకు. ఈ జవాబు వాళ్ళ కళ్ళపడితే బాగుండు. దశమభాగం అడిగే హక్కు మనకుంటే, విశ్వాసం కోసం జీతం పోగొట్టుకున్న బిడ్డను మోసే బాధ్యత కూడా మనదే. మా సంఘంలో పోయిన ఏడాది కూర్చుని ఒక నిర్ణయం చేశాం. ఎవరైనా ఈ కారణంగా ఉద్యోగం వదులుకుంటే ఏడాది పాటు వాళ్ళ బియ్యం, ఇంటి అద్దె, పిల్లల ఫీజు సంఘం భరించాలని. చిన్న సంఘం మాది, ఎక్కువమంది కూలీలే. అయినా చేతులెత్తి ఒప్పుకున్నారు. ఇంతవరకు ఇద్దరు అడిగారు. ఒకాయన ఇప్పుడు ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతున్నాడు, జీతం ముందటిలో మూడో వంతు. ఆయన భార్యకు ఇప్పటికీ నా మీద కోపమే. ఆమె కోపం నాకు అర్థమవుతుంది, మా నాన్న మీద నాకున్నది కూడా అదే.

ఎర్ర అట్ట పుస్తకం ఏమైందో చెప్పలేదు కదా. ఆ తల్లి భూస్థాపన అయిన వారం నుంచి మొదలుపెట్టి 43 ఇళ్ళకూ వెళ్ళాను. నీ పేరు పగటిపూట సంఘం రిజిస్టరులోకి ఎక్కించమంటావా, ఈ పేజీ చింపి నీ చేతికి ఇమ్మంటావా అని అడిగాను. తొమ్మిది మంది ఎక్కించమన్నారు. మిగతావాళ్ళు పేజీ తీసుకున్నారు. వాళ్ళలో కొందరు ఏడ్చారు, ఒకరిద్దరు నన్ను తిట్టారు. తిట్టడం న్యాయమే. హెల్మెట్ అబ్బాయి ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అమ్మ సమాధి ఏ వరుసలో ఉందని అడిగాడు. గేటు నుంచి మూడో వరుస, వేపచెట్టు పక్కన అని చెప్పాను.

నీ బాప్తిస్మం ఎప్పుడైనా కానీ, ఈ ఏడాదైనా పదేళ్ళకైనా, పగలే జరగనీ. నీ పెళ్ళి ఎలా జరిగినా కబురు పంపు, మా ఆవిడా నేనూ వస్తాం. వకీలు దగ్గరకు వెళ్ళేటప్పుడు తోడు కావాలంటే ఒక రోజు ముందు చెప్పు.